గృహహింస బాధిత పురుషులు

భార్య, సహజీవన భాగస్వామి, కొడుకు, కోడలు, తోబుట్టువులు, ఇలా ఇంట్లో ఎవరి చేతిలోనైనా దెబ్బలకో, బెదిరింపులకో, నిత్యం అవమానాలకో, డబ్బు మీదా రాకపోకల మీదా ఆంక్షలకో గురయ్యే మగవాళ్లను గృహహింస బాధిత పురుషులు అంటారు. ఆసుపత్రికి చేర్చే గాయాలను, ప్రాణం తీసే దాడులను లెక్కలోకి తీసుకుంటే వీళ్ల సంఖ్య మహిళా బాధితుల కంటే బాగా తక్కువ. అలాగని కొట్టిపారేసేంత తక్కువేమీ కాదు. మన దేశంలో ఈ పేరు మీద చర్చకు కొదవ లేదు. టీవీలోనూ కోర్టు వరండాల్లోనూ రోజూ జరుగుతూనే ఉంటుంది. అయితే ఆ చర్చ చాలావరకు భర్తల మీద పడే కేసుల గురించే గానీ, భర్తల ఒంటి మీద పడే దెబ్బల గురించి కాదు. ఈ రెండూ వేర్వేరు ఫిర్యాదులు. రుజువులు వేరు, పరిష్కారాలు వేరు, బాధితులు కూడా తరచుగా వేర్వేరు మనుషులే. రెంటినీ ఒకే గాటన కట్టడం వల్ల అందరికంటే ఎక్కువగా నష్టపోయింది నిజంగా దెబ్బలు తింటున్న మగవాడే. ఇప్పటివరకు పోగుపడిన ఆధారాలు చెబుతున్నది ఇదే.

ముందుగా హాస్యం సంగతి చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ బాధితుడు నలుగురి ముందుకు వచ్చేసరికి అతని కంటే ముందే నవ్వు వచ్చి కూర్చుంటుంది. అప్పడాల కర్ర పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ భార్య, తలకు బొప్పి కట్టిన భర్త: తెలుగు వారపత్రికల కార్టూనిస్టులకు దశాబ్దాలుగా అరిగిపోని బొమ్మ ఇది. సినిమాల్లో సూర్యకాంతం గయ్యాళి పాత్రల్లో గొంతు పెంచితే హాలంతా నవ్వింది; ఆ గొంతు వినే భర్త నోరు మెదపకపోవడమే అక్కడ జోకు. హాస్యాన్ని తప్పుపట్టి ప్రయోజనం లేదు, అది ఏ కాలంలోనైనా ఉంటుంది. కానీ పెళ్లాం కొట్టిందని చెప్పుకునే మగవాడికి ఊళ్లో, స్టేషన్లో, స్నేహితుల మధ్య దొరికే మొదటి జవాబు ఆ కార్టూన్ కింద రాసిన మాటే అయినప్పుడు, అతను రెండోసారి చెప్పడు. లెక్కలు తక్కువగా ఉండటానికి కారణాల్లో ఇదొకటి. దీనివల్ల లెక్క ఎంత తగ్గుతోందో మాత్రం ఎవరూ చెప్పలేరు. అందుకని దీన్ని సాకుగా పెట్టి తోచిన అంకెలు పుట్టించడమూ సరికాదు.

భార్య క్రూరత్వం అనే విషయాన్ని మన సుప్రీంకోర్టు నిశితంగా పరిశీలించిన తొలి ముఖ్యమైన తీర్పుల్లో ఒకటి 1975 నాటి దాస్తానే కేసు. ఇప్పటికీ వైవాహిక క్రూరత్వం మీద ప్రతి వాదనలోనూ దీన్ని ఉదహరిస్తారు. 1956లో పుణెలో పెళ్లయిన ఒక విద్యావంతుల జంట అది. భర్త చేసిన ఆరోపణల్లో కోర్టు నమ్మినవి చదివితే ఆ ఇల్లు కళ్లకు కడుతుంది. మంగళసూత్రం తెంపడం, ఆఫీసు నుంచి వచ్చే వేళకు తలుపులకు తాళం వేయడం, పసిబిడ్డ నాలుకకు కారం రాయడం, జ్వరంతో ఉన్న పిల్లను కనికరం లేకుండా కొట్టడం, అర్ధరాత్రి దీపం వేసి మంచం పక్కన కూర్చుని సణుగుతూ నిద్ర పోనివ్వకపోవడం. ఇదంతా క్రూరత్వమేనని కోర్టు తేల్చింది. అంతేకాదు, ఇలాంటి ఆరోపణలను హత్యానేరంలా అనుమానానికి తావు లేకుండా రుజువు చేయనక్కర్లేదని, ఎటు వైపు సంభావ్యత ఎక్కువగా ఉందో చూస్తే చాలని సూత్రం చెప్పింది. అయినా భర్త ఓడిపోయాడు. ఇంత జరిగాక కూడా ఆమెతో కాపురం కొనసాగించాడు, 1961 ఫిబ్రవరిలో విడిపోయేనాటికి ఆమె గర్భవతి, ఆగస్టులో మూడో బిడ్డ పుట్టింది. కాబట్టి జరిగినదాన్ని అతను మన్నించినట్టేనని కోర్టు భావించింది. ఆ తర్వాత ఆమె ప్రవర్తన ఆ మన్నింపును రద్దు చేసేంత తీవ్రంగా లేదని కూడా అన్నది. చట్టం దృష్టిలో ఇది తర్కబద్ధమే కావచ్చు. గృహహింస గురించి ఆ తర్వాత యాభై ఏళ్లలో తెలిసినదాన్ని బట్టి చూస్తే మాత్రం, బాధితులు ఆడవాళ్లయినా మగవాళ్లయినా ఆ ఇంట్లోనే ఉండిపోవడం మన్నింపుకు గుర్తు కాదు. పిల్లలు, పరువు, భయం, రేపటికి మారుతుందన్న ఆశ, ఇవన్నీ కలిసి మనిషిని కదలనివ్వవు. దెబ్బలు తిన్న భార్య ఎందుకు వెళ్లిపోలేదని అడగకూడదని నేర్చుకున్న సమాజం, భర్త విషయంలో ఆ ప్రశ్న ఇంకా అడుగుతూనే ఉంది.

ఆ తర్వాత చట్టాలు రెండు దారుల్లో నడిచాయి. 1976 సవరణతో హిందూ వివాహ చట్టంలో క్రూరత్వం విడాకులకే కారణమైంది. అది భార్యాభర్తలిద్దరికీ సమానంగా వర్తిస్తుంది. 1983లో భారత శిక్షాస్మృతిలో 498ఎ వచ్చింది, భర్త, అతని బంధువుల క్రూరత్వాన్ని నేరం చేసింది. 2024 జులై నుంచి భారతీయ న్యాయ సంహితలో అదే 85, 86 సెక్షన్లుగా ఉంది. 2005లో గృహహింస నుంచి మహిళలకు రక్షణ కల్పించే చట్టం వచ్చి 2006 అక్టోబరు 26 నుంచి అమల్లోకి వచ్చింది. ఈ మూడో చట్టం ప్రత్యేకత శిక్షలో లేదు, వెంటనే దొరికే ఊరటలో ఉంది. రక్షణ ఉత్తర్వు, అదే ఇంట్లో నివసించే హక్కు, ఖర్చులకు డబ్బు, పిల్లల తాత్కాలిక సంరక్షణ, నష్టపరిహారం అన్నీ ఒకే మేజిస్ట్రేటు దగ్గర అడగవచ్చు. రక్షణ ఉత్తర్వును ధిక్కరిస్తే అది నేరం. అయితే ఈ చట్టం కింద బాధితురాలు మహిళే అయి ఉండాలి. ప్రతివాది ‘వయోజన పురుషుడు’ అన్న మాటలను 2016లో హీరల్ హర్సోరా కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది కనుక, ఇప్పుడు హింస పెట్టిన మహిళ మీద కూడా ఈ చట్టం కింద వెళ్లవచ్చు. కానీ వెళ్లగలిగేది ఇంకో మహిళే. కోడలి మీద అత్త ఫిర్యాదు చేయవచ్చు, అదే ఇంట్లో అదే దెబ్బలు తిన్న మామ చేయలేడు.

పురుషుడికి మిగిలేది సాధారణ నేరచట్టం. ఇక్కడొక చిక్కుంది, బయట చాలామందికి తెలియదు. చెంపదెబ్బ, పిడిగుద్దు, కొరకడం వంటివి న్యాయ సంహిత 115వ సెక్షన్ కింద మామూలు గాయాలు. గరిష్ఠ శిక్ష ఏడాది జైలు లేదా పది వేల రూపాయల జరిమానా లేదా రెండూ. ఇది నాన్ కాగ్నిజబుల్ నేరం కాబట్టి మేజిస్ట్రేటు అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు మొదలుపెట్టలేరు. భర్త స్టేషన్‌కు వెళ్తే కౌన్సెలింగ్ చేసి పంపేయడానికి ఎస్సైగారి చేతిలో ఇదొక చట్టబద్ధమైన కారణం. కత్తి వాడినా, మరిగే నూనె, వేడినీళ్లు పోసినా 118వ సెక్షన్ కిందికి వచ్చి కాగ్నిజబుల్ అవుతుంది. అంటే గాయం పెద్దదయ్యేదాకా వేచి ఉండాలన్నమాట. కానీ గృహహింస ఎక్కువగా చిన్న గాయాల పరంపర. విడివిడిగా చూస్తే ప్రతిదీ మామూలుగానే కనిపిస్తుంది.

ఇక అంకెలు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత (2019–21) ప్రకారం 18–49 ఏళ్ల వివాహిత మహిళల్లో 29.3 శాతం భర్త చేతిలో శారీరక లేదా లైంగిక హింసను చవిచూశారు. తెలంగాణలో ఇది 36.9 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం. మరి మగవాళ్ల సంగతి? ఆ సర్వేలో లక్షకు పైగా పురుషులతో మాట్లాడారు. భార్యను కొట్టడం ఏయే సందర్భాల్లో సబబని అనుకుంటున్నారో వాళ్లను అడిగారు. మీ భార్య మిమ్మల్ని ఎప్పుడైనా కొట్టిందా అని మాత్రం అడగలేదు. ఆ విషయం అడిగింది మహిళలనే: ఆయన మిమ్మల్ని కొట్టకుండానే మీరు ఆయన్ని ఎప్పుడైనా కొట్టారా అని. సుమారు 4 శాతం మంది అవునన్నారు, అందులోనూ తాము దెబ్బలు తిన్న భార్యలే ఎక్కువ. అంటే భారతదేశంలో భర్త తిన్న దెబ్బ సర్కారు సర్వేలోకి భార్య ఒప్పుకోలు ద్వారా మాత్రమే ఎక్కుతోంది. దీన్ని పక్షపాతం అనేకంటే అలవాటు అనడం న్యాయం. సర్వే రూపకర్తల దృష్టి ప్రధానంగా మహిళల ఆరోగ్యం మీదే ఉంది. కానీ అలవాటు వల్ల ఏర్పడిన ఖాళీ కూడా ఖాళీయే.

ఆ ఖాళీని పూరించడానికి పురుషుల హక్కుల వాళ్లు తరచూ చూపించేది హర్యానా గ్రామాల్లో వెయ్యిమంది వివాహిత పురుషులతో జరిపిన ఒక అధ్యయనం. 2019లో ప్రచురితమైన ఆ వ్యాసం ప్రకారం 52.4 శాతం మంది జీవితంలో ఎప్పుడో ఒకసారి హింసకు గురయ్యారు. వాట్సాప్‌లో తిరిగే అంకె ఇదే. అయితే దాన్ని కాస్త విప్పి చూడాలి. అందులో దాదాపు అంతా మానసిక హింస, మానసిక హింసలో సింహభాగం విమర్శ. శారీరక హింస ఎదుర్కొన్నవాళ్లు 6 శాతం, వాళ్లలో తీవ్రమైన దాడికి గురైనవాళ్లు పదో వంతు. భార్య విమర్శను హింసగా లెక్కిస్తే, అదే కొలతతో మన ఇళ్లలోని ఆడవాళ్లను అడిగితే వచ్చే అంకె ఎక్కడ ఆగుతుందో ఊహించడం కష్టం కాదు. నిజానికి ఆ అధ్యయనంలో పట్టించుకోవాల్సింది 52 కాదు, 6. వందలో ఆరుగురు చిన్న సంఖ్య కాదు. దేశంలోని వివాహితులందరికీ అదే నిష్పత్తి వర్తిస్తుందని ఒక్క రాష్ట్రపు పల్లెల ఆధారంగా చెప్పలేం గానీ, ప్రశ్న అడిగితే జవాబు ఉంటుందని మాత్రం అది రుజువు చేసింది.

మగ బాధితులు ఎందరన్న దాని మీద అమెరికా పరిశోధకులు యాభై ఏళ్లుగా తగవులాడుతున్నారు. మర్రే స్ట్రాస్, రిచర్డ్ గెలెస్ 1975లో, మళ్లీ 1985లో జరిపిన జాతీయ సర్వేల్లో భర్తలు కొట్టినంతగానే భార్యలూ కొడుతున్నారని తేలింది. దెబ్బలు తినే భర్తల గురించి సుజాన్ స్టెయిన్‌మెట్జ్ 1970ల చివర్లో రాస్తే దుమారం రేగింది. 2000లో బ్రిటిష్ మనస్తత్వవేత్త జాన్ ఆర్చర్ అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కలిపి చూస్తే, చేయి చేసుకోవడంలో మహిళలు రవ్వంత ముందున్నారు. కానీ గాయపడినవాళ్లలో 62 శాతం మహిళలే. మైకేల్ జాన్సన్ అనే సామాజిక శాస్త్రవేత్త 1995లో దీనికి చక్కని వివరణ ఇచ్చారు. ఇంటింటికీ వెళ్లి అడిగే సర్వేలకు చిక్కేది గొడవ ముదిరి ఇద్దరూ చేయి చేసుకునే రకం. ఆసుపత్రులకూ ఆశ్రయ గృహాలకూ చేరేది ఒకరు మరొకరిని అదుపులో పెట్టుకోవడానికి ఏళ్ల తరబడి ప్రయోగించే రకం. మొదటిదానిలో స్త్రీ పురుషులు దాదాపు సమానం, రెండోదానిలో ఎక్కువమంది బాధితులు స్త్రీలు. కాబట్టి ‘ఇద్దరూ సమానమే’ అన్నవాళ్లూ, ‘మగ బాధితులు లేనే లేరు’ అన్నవాళ్లూ వేర్వేరు వస్తువులను కొలిచి కొట్లాడుకున్నారు. ఇంగ్లండ్, వేల్స్‌లో 2023 మార్చితో ముగిసిన ఏడాదిలో గృహహింసకు గురైన 21 లక్షల మందిలో దాదాపు 14 లక్షలు మహిళలు, ఏడున్నర లక్షలు పురుషులు. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2010 సర్వేలో భాగస్వామి చేతిలో జీవితంలో ఎప్పుడైనా తీవ్రమైన శారీరక హింసకు గురైనవాళ్లు మహిళల్లో నలుగురిలో ఒకరు, పురుషుల్లో ఏడుగురిలో ఒకరు. ఇక హత్యల దగ్గరికొస్తే, ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాలు, నేరాల విభాగం అంచనా ప్రకారం 2017లో భాగస్వాముల చేతిలో చనిపోయినవాళ్లలో 82 శాతం స్త్రీలు. హింస తీవ్రత పెరిగేకొద్దీ పురుషుల వాటా తగ్గుతుంది, కానీ సున్నాకు రాదు.

జాన్సన్ చెప్పిన ఆ రెండో రకానికి పురుషుడు కూడా బలి కావచ్చని చూపిన కేసు 2018లో ఇంగ్లండ్‌లోని బెడ్‌ఫర్డ్‌షైర్‌లో తీర్పుకు వచ్చింది. ఇరవైల్లో ఉన్న ఒక యువకుడిని అతని భాగస్వామి ఇంటివాళ్లకూ స్నేహితులకూ దూరం చేసింది, ఏ బట్టలు వేసుకోవాలో తనే నిర్ణయించింది, సరిగా తిండి పెట్టలేదు, చివరికి కత్తిపోట్లు, మరిగే నీళ్లు. పోలీసులు ఇంటికి వచ్చినప్పుడు అతను మొదట ఆమెనే వెనకేసుకొచ్చాడు. ఒంటి మీది కాలిన గాయాల గురించి అడిగి అడిగి, ఆమెకు దూరంగా తీసుకెళ్లాకే నోరు విప్పాడు. ఆమెకు ఏడున్నరేళ్ల జైలు పడింది. భాగస్వామిని బలవంతంగా అదుపులో పెట్టుకోవడాన్ని ఇంగ్లండ్, వేల్స్‌లో 2015లో నేరంగా చేశారు. ఆ నేరం కింద శిక్ష పడిన మొదటి మహిళ ఆమె. ఆ సెక్షన్‌లో ఆడా మగా తేడా లేదు. ఆ దేశంలో మహిళల ఆశ్రయ గృహాలు దానివల్ల మూతపడలేదు, దాని కింద శిక్ష పడుతున్నవాళ్లలో అత్యధికులు ఇప్పటికీ మగవాళ్లే.

మన దేశంలో వాదన ఈ దారిన పోకుండా కేసుల మీదికి మళ్లింది. దానికి కారణాలు లేకపోలేదు. తప్పుడు ఫిర్యాదులతో వేధించడం మానసిక క్రూరత్వమేనని 2013లో ఒక కేసులో సుప్రీంకోర్టు భర్తకు విడాకులిచ్చింది. 2014లో అర్నేశ్ కుమార్ తీర్పు 498ఎ కింద యాంత్రికంగా అరెస్టులు చేయవద్దన్నది. 2024 డిసెంబరులో బెంగళూరులో ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఆత్మహత్య దేశమంతా సంచలనమైంది; సరిగ్గా ఆ రోజుల్లోనే తెలంగాణ నుంచి వెళ్లిన ఒక కేసును కొట్టేస్తూ, కుటుంబంలో అందరినీ గుండుగుత్తగా ఇరికించే ఫిర్యాదుల మీద సుప్రీంకోర్టు హెచ్చరించింది. అదే తీర్పులో, నిజంగా క్రూరత్వానికి గురైన మహిళలు మౌనంగా ఉండాలని తమ ఉద్దేశం కాదని కూడా చెప్పింది. ఆ రెండో వాక్యం వార్తల్లో పెద్దగా కనపడలేదు. తప్పుడు కేసు అన్యాయమే, అది జీవితాలను కూల్చగలదు. కానీ దాని బాధితుడికి కావలసింది అరెస్టుల్లో జాగ్రత్త, త్వరగా విచారణ, అబద్ధానికి శిక్ష. దెబ్బలు తినే మగవాడికి కావలసింది డాక్టరు, తల దాచుకునే చోటు, తన మాట వినే పోలీసు, పిల్లలను కలిసే హక్కు. 498ఎ స్థానంలో వచ్చిన 85వ సెక్షన్‌ను రేపు రద్దు చేసినా అతనికి వీటిలో ఒక్కటీ రాదు.

ఆత్మహత్యల లెక్క కూడా ఇలాగే దారి తప్పింది. జాతీయ నేర గణాంకాల సంస్థ ప్రకారం 2021లో 1,64,033 మంది ఆత్మహత్య చేసుకుంటే వారిలో 81,063 మంది వివాహిత పురుషులు, 28,680 మంది వివాహిత మహిళలు. దీన్ని చూపి పురుషుల జాతీయ కమిషన్ కావాలని వేసిన పిటిషన్‌ను 2023 జులైలో సుప్రీంకోర్టు, ఏకపక్ష చిత్రం చూపుతున్నారంటూ, తోసిపుచ్చింది. భార్యల హింసకు ఈ అంకె రుజువు కాదన్నది నిజం. ప్రపంచంలో దాదాపు అన్ని దేశాల్లోనూ ఆత్మహత్య చేసుకునేవాళ్లలో మగవాళ్లే ఎక్కువ. అప్పులు, తాగుడు, నిరుద్యోగం, రోగం అన్నీ ఇందులో ఉన్నాయి. ‘కుటుంబ సమస్యలు’ అన్న గడిలో ఏముందో పోలీసు రికార్డు చెప్పదు. అంత పెద్ద దుఃఖాన్ని ఒక్క వర్గం మీద ఆరోపణగా మార్చడం వల్ల, అందులో నిజంగా ఇంటి హింస వల్ల పోయినవాళ్లెందరో తెలుసుకునే అవకాశమూ పోయింది.

మగవాడు బలవంతుడు, తిరిగి కొట్టగలడు, లేదా వెళ్లిపోగలడు అన్నది అందరూ అనే మాట. నిద్రలో ఉన్నవాడి మీద మరిగే నూనె పడితే కండబలం అక్కరకు రాదు. తిరిగి కొడితే మర్నాడు అతనే ముద్దాయి. వెళ్లిపోతే పిల్లలు అక్కడే ఉంటారు. మహిళా సంఘాల అభ్యంతరం ఇంతకంటే గట్టిది: పురుషులకూ రక్షణ చట్టం ఇస్తే, కొట్టే భర్తే ముందుగా వెళ్లి ఫిర్యాదు రాయించి భార్యను లొంగదీసుకుంటాడు. ఇది ఊహాజనితం కాదు. అమెరికాలో తప్పనిసరి అరెస్టు చట్టాలు వచ్చాక ఇద్దరినీ అరెస్టు చేయడం పెరిగింది, ఆత్మరక్షణలో గీరిన భార్యలూ జైలుకెళ్లారు. దానికి అక్కడి రాష్ట్రాలు కనిపెట్టిన విరుగుడు, అసలు దాడి చేసేదెవరో గాయాలు, పాత ఫిర్యాదులు, ఎవరు ఎవరికి భయపడుతున్నారన్నది చూసి పోలీసులు తేల్చాలన్న నిబంధన. 2005 చట్టంలో ‘మహిళ’ తీసేసి ‘వ్యక్తి’ అని పెట్టాలన్న డిమాండును ఈ కారణంగానే సమర్థించలేం. స్త్రీలకు ప్రత్యేక రక్షణలు చేయడానికి రాజ్యాంగం 15(3) అధికరణం అనుమతిస్తోంది, ఆ అవసరం ఏ అంకె చూసినా తీరలేదు. ఆ చట్టాన్ని అలాగే ఉంచి, పురుషులకు తక్షణ రక్షణ ఉత్తర్వు దొరికే వేరే దారి వేయవచ్చు.

అలాంటి దారి సాధ్యమేనని మన దగ్గరే ఉదాహరణ ఉంది. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది, అందులో తల్లీ తండ్రీ సమానం. ఆస్తి రాయించుకుని తండ్రిని గెంటేసిన కొడుకు మీద ఆర్డీవో దగ్గరున్న ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. చూసుకుంటాడన్న షరతుతో రాసిచ్చిన దానపత్రాన్ని 23వ సెక్షన్ కింద రద్దు చేయించవచ్చు. ఇంట్లో హింసకు గురయ్యే పురుషుల మాట వస్తే అందరికీ భర్తే గుర్తొస్తాడు గానీ, పింఛను డబ్బు కోసం కొడుకు చేతిలో దెబ్బలు తినే ముసలి తండ్రి కూడా గృహహింస బాధితుడే. తండ్రులకు ఈ చట్టం ఇవ్వడం వల్ల తల్లులకు వచ్చిన నష్టమేమీ లేదు. నెదర్లాండ్స్ 2008లో నాలుగు పెద్ద నగరాల్లో పురుషులకు ఆశ్రయ గృహాలు ప్రయోగాత్మకంగా తెరిచింది, మహిళల గృహాలు వాటి మానాన అవి నడుస్తున్నాయి.

ప్రభుత్వం వెంటనే చేయగల పని ఒకటుంది, దానికి కొత్త చట్టం అక్కర్లేదు: కుటుంబ ఆరోగ్య సర్వేలో మహిళలను అడిగే ప్రశ్నలనే, అవే మాటలతో, అంతే గోప్యంగా పురుషులనూ అడగాలి. ఈలోగా బాధితుడు చేయగలిగింది తక్కువే గానీ శూన్యం కాదు. గాయమైన రోజే ప్రభుత్వాసుపత్రికి వెళ్లి మెడికో లీగల్ కేసుగా నమోదు చేయించుకుని గాయాల సర్టిఫికెట్ తీసుకోవాలి; తర్వాత క్రిమినల్ ఫిర్యాదుకైనా, విడాకుల పిటిషన్‌కైనా, తన మీదే ఎదురు కేసు పడినా అదే మొదటి ఆధారం. స్టేషన్లో నాన్ కాగ్నిజబుల్ అంటే, ఫిర్యాదును రిజిస్టర్‌లో రాయించి మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లే హక్కు ఉంది. అత్యవసరమైతే 112, మనసు కుంగితే టెలిమానస్ 14416, వృద్ధులకు 14567. ఈ మూడు నంబర్లూ ఆడా మగా తేడా లేకుండా ఎవరు చేసినా పలుకుతాయి.